ప్రాతబండికి క్రొత్త మేలుకట్టు

మన యిండ్లలో పెండ్లి జరుగునపుడు పీటలపైన నొక చాందినీ కట్టుట యాచారము. దేవాలయములలో కల్యాణమండపమునను ఇట్టి వస్త్రమునే కట్టుదురు. కావ్యములలో దీనికి వితానమనియు, మేలుకట్టనియు పేర్లు గలవు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు బొమ్మలు వ్రాసిన గుడ్డలు చిరకాలముగా గుడులలో చాందినీలుగను, తెరలుగను వాడుకయం దున్నవి. పైనుండి దుమ్ముగాని, పురుగుగాని క్రిందివారిపై పడకుండుటయు, కంటి కింపుగా నుండుటయు దీనివలని ప్రయోజనములు.

మోటారుబండి యెక్కి కూర్చున్న తరువాత తల యెత్తి చూచినచో మన పైన నట్టి మేలుకట్టే కనబడును. రేకు కప్పునకును మన తలలకును నడుమ నది యుండి, ఎండవేడిమిని కొంత తగ్గించును. చప్పుడును కొంత యడచును. దీపపు తీగెలను మఱుగుపఱచును. కాని తల యెత్తి దానిని చూచువా రరుదు. అది జారి నెత్తిపై పడిననాడే దాని సంగతి జ్ఞప్తికి వచ్చును. మాకును నట్లే వచ్చినది. ఆ కథయు, దానివలన మేము నేర్చుకొన్న పనియు సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

మా బండి పుట్టుపూర్వోత్తరములు

మేము కాపురముండునది ఇంగ్లాండు దేశమున లీడ్సు నగరము. మా యింటివారు ఇచ్చటి పాఠశాలలో లెక్కలు చెప్పుదురు. క్రొత్తబండి కొనుటకై మేము కూడబెట్టిన సొమ్మును వారు, మే మెంత చెప్పినను వినక, యొక ప్రాత ఫోక్స్‌వాగన్ వ్యానునకు పోసి వచ్చిరి. ఆ వారమంతయు మేము వారితో సరిగా మాటాడలేదు. తరువాత బండిని చూచి మేమును మెత్తబడితిమి. దాని ముఖమే అట్టిది. నవ్వుచున్న పసివాని ముఖమువలె నుండును.

ఈ జాతి బండికి మంచి చరిత్ర కలదు. 1947వ సంవత్సరము ఏప్రిలు నెలలో హాలండు దేశపు వర్తకుడు బెన్ పోన్ అనునాతడు తన చేతిపుస్తకములో నొక పెట్టెవంటి బండి బొమ్మను గీసెను. ఇంజను వెనుక, నడుపువాడు ముందు, నడుమ నంతయు సరకునకో మనుష్యులకో చోటు. ఇదియే యాతని యూహ. 1950 మార్చిలో జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గు కర్మాగారమున నీ బండ్ల తయారీ మొదలయ్యెను. 1956లో దీనికై హనోవరు నగరమున వేఱుగ కర్మాగారము వెలసెను. 1967లో ఆకృతి మారినది; ముందు రెండు పలకలుగా నుండిన అద్దమునకు బదులు ఒకే పెద్ద వంపుటద్దము వచ్చెను. జర్మనీలో ఈ రెండవ ఆకృతి బండ్లు 1979 వఱకు తయారయ్యెను. బ్రెజిలు దేశమున మాత్ర మీ వంగడము 2013 వఱకు నిలిచినది. మా బండి 1972లో హనోవరున పుట్టినది.

ఈ దేశమున నలువది యేండ్లు దాటిన బండ్లను చారిత్రకములుగా నెంచి రహదారి పన్ను లేకుండ నడుపుకొననిత్తురు. పెద్ద మార్పులు చేయని యట్టి బండ్లకు 2018 మే నెలనుండి ఏటేటి పరీక్షయు తప్పనిసరి కాదు. వినుట కిది బాగుగనే యుండును. కాని పరీక్షించువాడు లేడన్నచో, చూచుకొనవలసిన భారమంతయు మనదేయని యర్థము. ఈ సంగతి మాకు కొంత యాలస్యముగా తెలిసినది.

బండిలో అభిషేకము

2023 ఏప్రిలు నెలలో మా యత్తగారు రాజమహేంద్రవరమునుండి మాయొద్దకు వచ్చిరి. చుట్టపుచూపుగా వచ్చువారికి ఇచ్చట నొక్కపర్యాయమునకు ఆరు నెలలకు మించి యుండ వీలులేదు. సెప్టెంబరు నాలుగవ వారమునకు తిరుగు విమానపు టిక్కెట్టు ముందే కొనియుంటిమి. ఆమెకు మోకాళ్ల నొప్పులు. చిన్నకార్లలో కాళ్లు ముడుచుకొని కూర్చొనలేరు. మా వ్యానులో నైతే పీట వేసి యెక్కింపవచ్చును. ఎక్కినపిమ్మట హాయిగా కాళ్లు చాపుకొనవచ్చును. ఈ దేశపు సముద్ర మెట్లుండునో చూడవలెనని యామె కోరిక. విట్బీ యను రేవుపట్టణమునకు తీసికొనిపోవుదమని మేము మాట యిచ్చితిమి.

ఆమె వచ్చిన రెండవ వారమున సరదాగా ఊరిబయటికి బయలుదేరితిమి. వాన పట్టుకొన్నది. అప్పటికే పైనున్న మేలుకట్టు నడుమ నొకచోట బొడ్డువలె క్రిందికి దిగియుండెను. మేము చూచియు చూడనట్లుంటిమి. ఒక మలుపు తిరుగునప్పటికి అది పర్రున చిరిగి, దానియందు నిలిచిన నీరును, ఎఱ్ఱని త్రుప్పు పెళ్లలును మా యత్తగారి తలపై కుమ్మరించినది. మాకు నోట మాట రాలేదు. ఆమె కొంగుతో ముఖము తుడుచుకొని, "అమ్మాయీ, మీ దేశములో నభిషేకములు బండిలోనే చేయుదురా?" అనిరి.

ఇల్లు చేరిన తరువాత మే మిరువురము ఆలోచించితిమి. కుట్టి సిద్ధముగానున్న క్రొత్త మేలుకట్టు అంగళ్లలో దొరకును. మే నెలాఖరున బడికి వారము దినములు సెలవులు. ఆ వారములో మార్చివేసి, జూనులో సముద్రమునకు పోవచ్చునని మా లెక్క. మా యత్తగారు కాఫీ త్రాగుచు విని, "చూరు కురియుచుండగా చాందినీ మార్చిన నేమి లాభము నాయనా? ముందు చిల్లెక్కడనో చూడుడు" అనిరి. "అమ్మా, చిల్లు వెదుకుట మొదలుపెట్టినచో వేసవి యంతయు దానికే పోవును. నీవు సముద్రము చూడకయే వెళ్లిపోవుదువు" అని మా యింటివారు వాదించిరి. "నేను చూడకున్న నేమి? ఈ బండిలో మీరు తిరుగవలెను గదా" అని యామె లోపలికి పోయిరి.

ఈ మాటపై మేము రెండు దినములు వాదులాడుకొంటిమి. నిజము చెప్పవలెనన్న, మేమును మొదట త్వరగా కానిచ్చు పక్షమువారమే. పెద్దామె కోరిన దొక్కటి. అదియు తీర్పలేకపోవుదుమేమో యను భయము. కాని ఆమె మాటలో తప్పు పట్టుటకు చోటు లేకపోయినది.

నీటిజాడ

మేలుకట్లు రెండు రీతులు. ఇటీవలి కార్లలో అచ్చుపోసిన గట్టి పలకపై సన్నని స్పాంజి పొరయు, దానిపై గుడ్డయు నంటించి, ఆ పలకను కప్పునకు బిగింతురు. ఏండ్లు గడచినకొలది వేడికిని చెమ్మకును ఆ స్పాంజి పొడియై రాలును, గుడ్డ వ్రేలాడును. అట్టిచో ఆ గుడ్డనే మరల జిగురుతో నంటించుట వ్యర్థము. జిగురు పొడికంటుకొనును గాని పలక కంటుకొనదు. పలకను విప్పి, పొడినంతయు గీకివేసి, క్రొత్త గుడ్డ వేయవలెను.

ప్రాతబండ్లలోని దింకొక రీతి. మన గూడుబండిపై వెదురుబద్దలు వంచి చాప కప్పినట్లే, ఈ బండ్లలో ఉక్కుకమ్ములు ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు వంపుగా నుండును. గూడుబండిలో చాప బద్దలపైన నుండును. ఇచ్చట వస్త్రము కమ్ములకు క్రింద వ్రేలాడును. వస్త్రపు వెనుకవైపున, లంగాకు బొందు దూర్చు మడతవంటి మడతలు కుట్టియుండును. ఆ మడతలలో కమ్ములు దూర్చి, వాని కొనలను కప్పు ప్రక్కలనున్న రంధ్రములలో నిలిపి, వస్త్రపు టంచులను అద్దముల చుట్టునున్న రేకుపెదవులకు జిగురుతో నంటింతురు. ఆ యంచుపైని అద్దపు రబ్బరు కూర్చొనును. మా బండిలోనిది సన్నని రంధ్రములు గల తెల్లని వైనిలు. ఇది ముదిరినకొలది గట్టిపడి, కుదించుకొని పగులును, కుట్లు కుళ్లును.

చిల్లు వెదకుట కొక పద్ధతి కలదు. ఒకరు దీపముతో లోపల కూర్చొనవలెను. మఱియొకరు వెలుపల రబ్బరు గొట్టముతో నీరు పోయవలెను. మొదట క్రిందిభాగమున పోసి, కొంతసేపాగి, క్రమముగా పైకి పోవలెను. మొదటనే పైనుండి పోసినచో నీరంతయు క్రిందికి పారి యెచ్చట దూరుచున్నదో తెలియదు. మేము లోపల, వారు వెలుపల నుండి ఒక సాయంకాలమంతయు ఈ పని చేసితిమి. రెండుచోట్ల నీరు కనబడెను. ఒకటి, ముందుటద్దపు రబ్బరు ఎండి పగిలిన పైమూల. రెండవది, కప్పు అంచున వాననీరు పారుటకై యున్న కాలువ యతుకు. అచ్చట దూరిన నీరు కమ్మి వెంబడి ప్రాకి, మూడడుగుల దూరమున మా యత్తగారు కూర్చుండిన చోట పడినది. నీరు పడు చోటొకటి, దూరు చోటొకటి. మరకను బట్టి చిల్లు నిర్ణయింపరాదని యానాడు నేర్చుకొంటిమి.

ప్రాతదానిని విప్పుట

మొదట బ్యాటరీ తీగె విప్పవలెను. లోపలి దీపపు తీగె మేలుకట్టు వెనుకనే పోవును గనుక ఇది ముఖ్యము. పిదప దీపము, ఎండ తగులకుండ వంచుకొను పలకలు, అద్దము, పట్టుకొను పిడులు, చొక్కాలు తగిలించు కొక్కెములు విప్పవలెను. ఎచ్చటి మరలచ్చట వేఱుగ నుంచుటకు మేము ప్రాత పోపులపెట్టె నుపయోగించితిమి. ఒక్కొక గిన్నెలో నొక్కొక చోటివి, పైన చీటీ. ఇంతకంటె మంచి సాధనము మాకు మఱియొకటి కనబడలేదు.

తరువాత అద్దములు. రబ్బరు ప్రాతదై గట్టిపడినచో దానిని కాపాడ చూడక, కత్తితో కోసివేయుటయే మేలు. రబ్బరునకై పెనగులాడి అద్దము పగులగొట్టుకొనుట తెలివి కాదు. ముందుటద్దము నిద్దఱు పట్టి తీసి, కంబళిపై గోడకు చేరవేసితిమి.

కమ్ములన్నియు నొకేవిధముగ కనబడును గాని వాని పొడవును వంపును వేఱువేఱు. కావున ప్రతి కమ్మికిని గుడ్డపీలిక కట్టి, ముందునుండి వెనుకకు ఒకటి, రెండు, మూడని అంకె వేసి, ఎడమకొన యేదో కుడికొన యేదో గుర్తు పెట్టితిమి. అడుగడుగునకు ఫోనుతో ఛాయాచిత్రములు తీసితిమి. విప్పిన ప్రాత వస్త్రమును పాఱవేయరాదు. క్రొత్తదానిని సరిచూచుకొనుటకు అదియే కొలత. దాని వెనుక భాగమంతయు నల్లని బూజు. ముక్కునకు ముసుగు, చేతులకు తొడుగులు లేక దానిని తాకకుండుట మంచిది.

మేలుకట్టు పోయిన తరువాత కప్పు లోపలి భాగము బయల్పడినది. మా యింటివారు చాలసేపు మాటాడక నిలుచుండిరి. కాలువ యతుకు వెంబడి త్రుప్పు జానెడు మేర వ్యాపించియుండెను. గీకగా రెండుచోట్ల వ్రేలు దూరునంత రంధ్రములు తేలెను. ముందుటద్దపు పెదవియు నొకచోట తినివేయబడి యుండెను. ఆ బండిని మాకమ్మినవా రీ మాట చెప్పలేదు, వారికిని తెలియదేమో. మే మొక్క వారములో క్రొత్త మేలుకట్టు కట్టియుండినచో, ఆ తెల్లని వస్త్రము చాటున నా త్రుప్పు మఱి రెండేండ్లలో కప్పునంతయు తినియుండెడిది. మా యత్తగారు పీటపై నిలిచి చూచి, ఏమియు ననలేదు. అనకుండుటయే మాకు కష్టముగ తోచినది.

రేకు పని వచ్చినవానిని పిలిపించితిమి. త్రుప్పు తినిన భాగము కోసి క్రొత్త రేకు వెల్డింగు చేయించి, అతుకున మూయు లేపనము పట్టించి, రంగు వేయించితిమి. వెల్డింగు పనులన్నియు మేలుకట్టునకు ముందే ముగియవలెను; నిప్పురవ్వ తగిలినచో వైనిలు భగ్గున మండును. మరల కాలువలో నీరు పోసి చూచితిమి. చుక్కయు దిగలేదు. ఇంతలో జూలై సగము గడచినది.

ఇంకొక సంగతి. వాన లేకున్నను కప్పునుండి నీరు రాలవచ్చును. చలిరాత్రి బండిలో పరుండినచో మన యూపిరిలోని యావిరి చల్లని రేకునకు తగిలి నీరగును. మూకుటిమీది మూతకు నీరు పట్టినట్లే. దీనికి విరుగుడుగా నీరు పీల్చని జాతి స్పాంజి పలకలను రేకునకు లోపల నంటించితిమి. నీరు పీల్చు దూది, ఉన్ని వంటివి వేసినచో చెమ్మ యచ్చటనే నిలిచి మరల త్రుప్పునకు దారితీయును. ఈ పలకలవలన వాన చప్పుడును చాల తగ్గినది.

క్రొత్తదానిని కట్టుట

ఈ పనిని పనివానికే యప్పగించినచో వేయి పౌనులకు పైగా నగునని తెలిసినది. కుట్టిన వస్త్రము మాత్రము కొన్నచో రెండువందల పైచిలుకు. కుట్టుపని మాకు చిన్ననాటినుండి చేతిలో నున్నదే గనుక ధైర్యము చేసితిమి. బడి సెలవులు వచ్చినవి. ఆగస్టు మొదటి వారమున మంచి యెండ కాచిన దినమున పని మొదలుపెట్టితిమి.

ఎండ యెందుకనగా, వైనిలు చలిలో బిఱుసుగ నుండును. వెచ్చనైనచో మెత్తబడి సాగును. దానిని రెండు గంటలు పచ్చికపై దుప్పటి పఱచి యెండలో నుంచితిమి. కప్పునకును వస్త్రమునకును నట్టనడుమ సుద్దతో గీత గీసితిమి. కమ్ములను వరుస తప్పకుండ మడతలలో దూర్చి, కొనలు రంధ్రములకు చేరునట్లు మడతల చివరలను కొంచెము కొంచెముగ కత్తిరించితిమి. నడిమి కమ్మిని మొదట నిలిపి, గీతపై గీత పడునట్లు చూచుకొని, అచ్చటినుండి ముందునకును వెనుకకును పోయితిమి.

ఇక లాగుట. ఇందులోనే పనితన మున్నది. మేము మొదట ప్రక్కలకు లాగితిమి, ముడుతలు పడెను. విప్పి మరల లాగితిమి, మఱియొకచోట పడెను. మా యత్తగారు గుమ్మమున కుర్చీ వేసికొని చూచుచుండి, "మంచమునకు నవారు అల్లునపుడు ముందు నిలువున బిగించి, పిదప గదా అడ్డమల్లుదురు" అనిరి. నిజమే. ముందునుండి వెనుకకు పొడుగున లాగి, బట్టలారవేయు క్లిప్పులతో నద్దపు పెదవులకు పట్టించితిమి. పిదప ప్రతి కుట్టునొద్దను ప్రక్కలకు సమానముగ లాగితిమి. ఎడమవైపు నంగుళము లాగినచో కుడివైపును నంగుళము. ఇట్లు క్లిప్పులతోనే రెండు దినములు విడిచితిమి. వస్త్రము సాగి తన చోటికి కుదురుకొన్నది. అంతవఱకు జిగురును కత్తెరను ముట్టరాదు.

జిగురు విషయమున రెండు జాగ్రత్తలు. ఎండలో కప్పు మిక్కిలి వేడెక్కును గనుక వేడికి కరగని జాతి జిగురే కొనవలెను. దానిని రేకునకును వస్త్రమునకును రెండింటికిని పలుచగ పూసి, వ్రేలికంటని దాక ఆఱనిచ్చి, అపుడు కలిపి నొక్కవలెను. ఒకమాఱంటిన తరువాత జరుపుట యుండదు. కావున మూరెడు మూరెడు చొప్పున చేయవలెను. దాని యావిరి తలకెక్కును, నిప్పంటును. తలుపులన్నియు తెఱచి, మంట దాపున లేకుండ చూచుకొని పని చేయవలెను.

చివరకు మిగిలిన చిన్నముడుతలను జుట్టారబెట్టు యంత్రపు వేడిగాలితో దూరమునుండి వెచ్చచేసి, అరచేతితో సవరించినచో పోవును. దగ్గఱగ పెట్టినచో వైనిలు కరగి మెఱపు మచ్చ పడును.

మేము చేసిన తప్పు

ఇంతవఱకు సరిగనే జరిగినది. కిటికీల నడిమి స్తంభములవద్ద వస్త్రము వంపు తిరుగుటకు అంచున చిన్న గాట్లు పెట్టవలెను. చొక్కా మెడ కుట్టునపుడు వంపున గాట్లు పెట్టుదుము గదా, అట్లే. ఆ గాటు రబ్బరు కప్పునంత లోతే యుండవలెను. ఎడమవైపు మూడు గాట్లు పెట్టితిమి. నాలుగవదాని వద్ద, వెలుగు తగ్గుచున్నదను తొందరతో, కత్తెర నడిపితిమి. వస్త్రము బిగువుగ నుండుటచేత గాటు మా చేతిని మించి పైకి పాఱినది. రబ్బరునకు పైన రెండంగుళముల చీలిక.

తప్పు మా యింటివారిది కాదు, కత్తెరది కాదు; మాది. వారేమియు ననలేదు. మేము బండి దిగి వంటింటిలోనికి పోయి తలుపు వేసికొంటిమి. మఱునాడు అంగడివారి నడుగగా, క్రొత్తది కుట్టి పంపుటకు ఐదు వారములు పట్టునని చెప్పిరి. ఐదు వారములన్నచో సెప్టెంబరు సగము దాటును; పిదప కట్టుటకు వారము; అప్పటికి బడులు తెఱచియుందురు; అత్తగారి ప్రయాణపు పెట్టెలు సర్దుటయు నగును.

మా యత్తగారు కళ్లజోడు పెట్టుకొని చీలికను చాలసేపు చూచిరి. తెగవేసిన యంచుముక్కలు తెమ్మనిరి. మేము సూది దారము తీసికొని వచ్చి చీలికను కుట్టబోగా ఆమె యాపిరి. "ఇది నూలుగుడ్డ కాదమ్మాయీ. సూది గ్రుచ్చిన చోటు మరల పూడదు. దగ్గఱదగ్గఱగ కుట్టినచో ఆ కుట్టు వెంబడియే చిరుగును" అనిరి. ఆమె చెప్పినట్లే చీలిక వెనుకనుండి గట్టి నూలుగుడ్డముక్క నొకదానిని దూర్చి జిగురుతో నంటించి, చీలిక యంచులు రెండును దానిపై కలియునట్లు నొక్కితిమి. పిమ్మట నామె యంచుముక్కనుండి మామిడాకు ఆకారమున నొక తునక కత్తిరించి, చీలికపై నంటించి, కొనలయందు మాత్రము దూరదూరముగ నాలుగు కుట్లు వేసిరి. మోకాళ్ల నొప్పితో బండిలో నిలువలేక, పెట్టెపై కూర్చొని చేతులు పైకెత్తి కుట్టిరి. మధ్యమధ్య చేతులు దించి విశ్రమించిరి.

అంతటితో పని యైనదనుకొంటిమి. ఆమె మఱియొక తునక కత్తిరించి, కుడివైపున చీలిక లేనిచోట అదే యెత్తున నంటించుమనిరి. ఎందుకని యడుగగా, "పందిటికి ఒకవైపే తోరణము కట్టుదురా?" అనిరి.

సముద్రము

అద్దములు తిరిగి పెట్టుట కొక యుపాయము కలదు. క్రొత్త రబ్బరును అద్దము చుట్టు తొడిగి, దాని గాడిలో గట్టి త్రాడు నిమిడ్చి, కొనలు రెండును లోపలికి వచ్చునట్లుంచవలెను. రబ్బరునకు సబ్బునీరు రాచి, వెలుపలివారు అద్దమును మెల్లగ నొక్కుచుండగా లోపలివారు త్రాడును లాగవలెను. త్రాడు వచ్చినకొలది రబ్బరు పెదవి లోపలికి జారి కూర్చొనును. మేలుకట్టు అంచు దాని క్రింద నడగును. మూడవ ప్రయత్నమున మాకు సరిగ కుదిరినది. మరల నీరు పోసి చూచితిమి.

సెప్టెంబరు మొదటి శనివారమున తెల్లవాఱగనే బయలుదేరితిమి. పికరింగు పట్టణము దాటిన తరువాత త్రోవ బీడుభూములమీదుగ పోవును. ఆ ఋతువున నచ్చట నేలంతయు నూదారంగు పొదలు పూచియుండును. నడుమ నొకచోట మబ్బు క్రమ్మి జోరున వాన కురిసినది. మే మెవ్వరమును మాటాడలేదు. మా యత్తగారు చేయెత్తి, తాను కుట్టిన మామిడాకు చుట్టును తడిమి చూచి, ఆ చేతిని మాకు చూపిరి. పొడిగనే యున్నది.

విట్బీలో కొండపైని శిథిలమైన ప్రాత మఠమునకు నూటతొంబదితొమ్మిది మెట్లెక్కవలెను. అది యామెవలన కాదు. రేవునొద్ద బండి నిలిపి, ప్రక్కతలుపు తెఱచి, పులిహోర తినుచు కూర్చొంటిమి. ఆమె కాళ్లు చాపుకొని సముద్రమును చూచుచు, "మన సముద్రమువలె వెచ్చన కాదు గాని, చూడవలసినదే" అనిరి. ఆ నెల నాలుగవ వారమున మేమామెను విమానమెక్కించి వచ్చితిమి.

సోదరీమణులారా, ఇట్టి బండి మీయొద్ద నుండకపోవచ్చును. కాని కురియుచున్న కప్పును విడిచి క్రింది వస్త్రమును మార్చుద మనిపించు సందర్భము ప్రతి గృహమునను వచ్చును. అపుడు తొందర మంచి కోరికతోనే వచ్చును, ప్రేమతోనే వచ్చును. మాకు నట్లే వచ్చినది. అయినను ముందు నీటిజాడ కనుగొనవలెను. కట్టునపుడు నడుమనుండి కట్టవలెను. నిలువున లాగి పిదప అడ్డముగ లాగవలెను. కుదురుకొనువఱకు కత్తెర ముట్టరాదు. అన్నియు తెలిసియు నొకచోట చేయి తప్పినచో, దాని కొక మామిడాకు వేసి, రెండవవైపునను మఱియొకటి వేయవలెను.

మా బండి యెక్కినవారు ఆ రెండాకులను చూచి, కర్మాగారమువారే యట్లు చేసిరాయని యడుగుచుందురు. కాదు, మా యత్తగారు చేసిరని చెప్పుచుందుము.